వీధి మొత్తం హ్యాంగయిన మధ్యాహ్నం

కోతలు కోసేవాడికి కొడవలి అక్కర్లేదు, వినేవాళ్ళు నలుగురుంటే చాలు. ఆ వీధి మలుపులో పిన్ని టీకొట్టు ముందు ఆ నలుగురికీ ఎప్పుడూ కొరత లేదు. కొట్టు ముందు ఒక పొడుగు బల్ల, ఆ బల్లకి మూడు కాళ్ళు, నాలుగో కాలున్న చోట రెండు ఇటుకలు. ఇటుకల వైపు కూర్చునే మనిషి కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్కు. అందరూ ఆయన్ని ముప్పావు అంటారు. ఆయన చెప్పేదాంట్లో పావు నిజం, ముప్పావు కోత అని ఎవరో ఎప్పుడో తేల్చేశారు. ఆ పేరు ఆయనకీ తెలుసు. "పావు కాస్త ఎక్కువే వేశారు పాపం" అని తనే నవ్వేస్తాడు.

టీకొట్టుని ఆనుకునే దర్జీ కొట్టు. ముందు గదిలో దర్జీ మిషను, వెనక గదిలో ఆయన చెల్లెలు. అన్న కుట్టిన చొక్కాలకి కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం ఆమె పని. ఆమె కూర్చునే చోట ఒక కిటికీ, కిటికీకి సగం దాకా తెర. తెరకి రెండు మూరల అవతల టీకొట్టు బల్ల. నలభై రెండేళ్ళ మనిషి. ఐదో తరగతితో బడి మానేసి సూది పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు దాకా వచ్చిన మాట కూడా వెనక్కి వెళ్ళి కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి "అమ్మా, చొక్కా అయిందా" అని అడిగితే చొక్కా తెచ్చి చూపిస్తుందే గాని అయిందని నోటితో అనదు. ఆమె పెళ్ళి ఊసు ఇంట్లో అందరూ మానేసి పదేళ్ళు దాటింది.

ఆ మధ్యాహ్నం ఆమె ఒళ్ళో ఒక తెల్లచొక్కా ఉంది. ఆరు కాజాల్లో నాలుగయ్యాయి. ఐదోదానికి సూది దించబోతుంటే బయట బల్ల మీంచి అన్న గొంతు వినిపించింది.

"రేపు పొద్దున పాతసామాన్లవాణ్ణి రమ్మన్నాను. ఇంట్లో ఆ కంప్యూటరు పెట్టె ఇచ్చేస్తున్నా. ఇంక దాంతో నా వల్ల కాదు."

సూది దిగలేదు.

బల్ల మీద ఒక గ్లాసు ఠక్కున పెట్టిన చప్పుడైంది. "ఏ పెట్టె?" అన్నాడు ముప్పావు.

"మా ఇంట్లో ఎన్ని పెట్టెలున్నాయయ్యా? నువ్వు ఎనిమిదిసార్లు బాగుచేసిందే. మళ్ళీ మొన్నట్నుంచి పని చెయ్యట్లేదు. ఫ్యాను ఊడదీసుకుని పోయావు, ఇంకా తేలేదు. ఎవరికోసం ఇదంతా? అమ్మాయి హాస్టలుకి వెళ్ళిపోయాక దాని మొహం చూసేవాళ్ళే లేరు."

చూసేవాళ్ళు లేరా. ఆమె ఒళ్ళో చొక్కాని ఊరికే సవరించుకుంది.

అన్న కూతురు చదువు కోసం కొన్న పాత పెట్టె అది. అమ్మాయి వెళ్ళిపోయాక ఇంటి ముందుగదిలో మూలన మిగిలిపోయింది. ఆమే మిగులు చొక్కాగుడ్డలు అతికి దానికి ముసుగు కుట్టింది. దానితో ఆమెకి తెలిసిన పని ఒక్కటే. బొత్తం నొక్కి కాసేపు కదపకుండా వదిలేస్తే కంప్యూటరు తెర మీద నీలం రంగు చేపలు ఈదుతాయి. ఆ చేపల్ని ముందు పెట్టుకుని ఇంటి దగ్గర కాజాలు కుట్టుకునేది. రెండేళ్ళ కిందట ఒకరోజు ఆ చేపలు నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఆగిపోయాయి. అన్న వెళ్ళి మెకానిక్కుని పిలుచుకొచ్చాడు.

ఆయన పెట్టె పక్కరేకు ఊడదీసి, లోపల దుమ్ము పట్టి ఆగిపోయిన అరచెయ్యంత ఫ్యాను చూపించాడు. అన్న ఫోనులో ఉన్నాడు. అందుకని లోపలి గుమ్మానికి వేలాడే తెర వైపు తిరిగి చెప్పాడు. "చూడండి, ఇది దీని గుండెకాయ. ఇది తిరిగినంతసేపే పెట్టె బతుకుతుంది. ఇది ఆగితే లోపల వేడెక్కి పదినిమిషాల్లో ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. ఈ రెండు మరలూ చేత్తోనే తిరుగుతాయి. అప్పుడప్పుడూ మీరే బ్రష్షుతో తుడుచుకోవచ్చు." అలా చెబుతూ చెబుతూ, తుడుస్తూ తుడుస్తూ, ఎవరింట్లోనో కంప్యూటరులో కాపురం పెట్టిన ఎలుక కథ మొదలుపెట్టాడు. ఆ ఎలుక చదువు నేర్చుకుని ఇంటాయన ఉత్తరాల్లో తప్పులు దిద్దేదట. తెర వెనక టీ గ్లాసుతో నిలబడ్డ ఆమెకి నవ్వొచ్చింది. పైకే వచ్చింది. తన నవ్వుకి తనే ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళూ ఇది ఎక్కడ దాక్కుందో అనుకుంది. ఆయన బ్రష్షు ఆపి తెర వైపు చూశాడు. అంతే, మళ్ళీ తల దించుకుని తుడుచుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు చేపలు చక్కగా ఈదాయి. పాడు చేపలు, వాటికి అలుపే లేదు.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె ఆ రెండు మరలూ తిప్పింది. మూరెడు కాజా దారం తీసి ఫ్యాను ఇరుసుకి చుట్టింది. మళ్ళీ రేకు బిగించి, బొత్తం నొక్కి, కూర్చుని చూసింది. పదినిమిషాలకి చేపలు ఆగిపోయాయి. సాయంత్రానికి ఆయనొచ్చాడు.

అలా ఎనిమిదిసార్లు. ఆయన వచ్చేవాడు, పెట్టె విప్పేవాడు, అన్నకి ఏదో కొత్త జబ్బు పేరు చెప్పేవాడు, ఒక కథ చెప్పి, తెర పక్కనుంచి వచ్చిన టీ తాగి, డబ్బులిస్తే "టీ ఇచ్చారుగా" అని వెళ్ళిపోయేవాడు. దారం సంగతి ఎన్నడూ ఎత్తలేదు. దుమ్ముతోపాటే ఊడ్చేస్తున్నాడేమో, చూడనేలేదేమో అనుకునేది ఆమె. అలా అనుకుంటే ధైర్యంగా ఉండేది, కొంచెం దిగులుగానూ ఉండేది.

రేపు పెట్టె పోతుంది. పెట్టె పోతే ఆయన ఆ ఇంటి గడప తొక్కడానికి ఈ లోకంలో ఇంకో కారణం లేదు.

బయట ముప్పావు గొంతు సవరించుకున్నాడు.

"దర్జీగారూ, మీరేం చేస్తున్నారో మీకు తెలియట్లేదు. అది మామూలు పెట్టె కాదు. నేను ఎన్ని పెట్టెలు చూశాను, ఈ చేతుల్లోంచి ఎన్ని వెళ్ళాయి, కానీ ఆ పెట్టె లాంటిది ఇంకోటి లేదు. మొదటిసారి మీరు నాకోసం వచ్చారే, అప్పటికే నాకు తెలుసు దాని జబ్బేమిటో. వీధి ఆ చివర నా కొట్లో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేచి, ఇదిగో దర్జీగారింట్లో ఫ్యాను ఆగిపోయిందీ అని బ్రష్షు జేబులో పెట్టుకున్నా."

ఎదురుగా కూర్చున్న బస్సు కండక్టరు నవ్వాడు. ఆయనకి ఆ రోజు సెలవు. "అంత దూరంనుంచి ఎలా వినపడింది గురూ? ఆగిపోయిన ఫ్యానుకి చప్పుడేముంటుంది?"

"అదే కదా నేను చెప్పేది. ఉన్న చప్పుడు ఎవరైనా వింటారు. లేని చప్పుడు వినాలంటే చెవి ఉండాలి."

"కానివ్వు నాయనా" అంది పిన్ని, పొయ్యి మంట తగ్గిస్తూ.

"సరే, అది మొదటిసారి. మూడోసారి సంగతి మీకెవరికీ తెలీదు. ఆ పెట్టె ఎంత వేడెక్కిందంటే, నేను గుమ్మంలో అడుగు పెడితే నా జేబులో పెన్ను మెత్తబడి వంగిపోయింది. ఆ వేళ ఏమో కరెంటు వచ్చీపోయీ, దర్జీగారి ఇస్త్రీపెట్టె చల్లబడిపోయింది, పెళ్ళివారి చొక్కాలు పద్నాలుగు ఉండిపోయాయి, అప్పుడీయన ఏం చేశారంటే ఆ కంప్యూటరు పెట్టెనే ఎత్తి పద్నాలుగు చొక్కాలూ మడత పడకుండా ఇస్త్రీ చేసి పంపించారు."

"నేనా?" అన్నాడు దర్జీ.

"మీకు గుర్తుండదు లెండి. పనిలో పడితే మీకు ఒళ్ళు తెలీదు."

బల్ల చివర కూర్చున్న గడియారాల తాత దగ్గాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం నుదుటి మీదికి తోసుకుని తిరుగుతాడు. ఏ విషయమైనా సెకను తేడా రాకూడదు ఆయనకి. "కరెంటు పోతే కంప్యూటరు ఎలా వేడెక్కిందిరా?" అన్నాడు.

"పోయే ముందు ఎక్కిన వేడి తాతగారూ, మూడు రోజులు దిగలేదు. ఇంక అయిదోసారి. అప్పుడు వైరస్సులు. పక్కరేకు తీశానో లేదో, బొద్దింకలంత వైరస్సులు, పెద్దవీ చిన్నవీ, సంసారాలతో సహా, నన్ను చూసి వరసలో నిలబడ్డాయి. వాటిల్లో పెద్దది ముందుకొచ్చి చేతులు కట్టుకుని, అయ్యా, ఈ ఇంటికి తమరు వస్తారని తెలిస్తే మేం ఇటు తొంగిచూసేవాళ్ళం కాదు, పిల్లలున్నవాళ్ళం, దారి చూపించండి అంది. నాకు జాలేసింది. పక్కవీధిలో రేడియో కొట్టు చూపించి పంపించా."

"అందుకేనా మా రేడియో గురగుర" అన్నాడు కండక్టరు.

నవ్వులు. కిటికీ వెనక ఆమె కూడా నవ్వుకుంది, పెదాలు కదలకుండా. కానీ చెవులు మాత్రం ఆయన గొంతులో ఇంకేదో వెతుకుతున్నాయి. ఈ రోజు ఆయన కథ తొందరపడుతోంది. దించాల్సిన బరువేదో ఉన్నట్టు పరిగెడుతోంది.

"అవన్నీ ఒక ఎత్తు, ఎనిమిదోసారి ఒక ఎత్తు" అన్నాడు ముప్పావు. "దర్జీగారూ, మీరు వింటున్నారుగా? విని అప్పుడు చెప్పండి ఆ పెట్టెని పాతసామాన్లవాడికి ఇస్తారో లేదో. ఎనిమిదోసారి నేను వెళ్ళేసరికి తెర మీద చేపలు బిగుసుకుపోయి ఉన్నాయి. సరే, మామూలే అనుకుని మర మీద చెయ్యి వేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బిగుసుకుపోవడం పెట్టెలో ఆగలేదు. బయటికొచ్చింది. ముందు గోడ మీద గడియారం టిక్ అని, టక్ అనకుండా ఆగింది."

"ఏ గడియారం?" అన్నాడు తాత.

"మీరు బాగుచేసిందే."

"అయితే ఆగదు."

"తాతగారూ, సూర్యుడే ఆగాడు, మీ గడియారమెంత? కిటికీలోంచి దూకుతున్న పిల్లి గాల్లోనే ఉండిపోయింది, కింద చెయ్యి పెట్టి చూశా, ఏ ఆధారమూ లేదు. కుళాయి చుక్క కుళాయికీ బకెట్టుకీ మధ్య ముత్యంలా నిలబడింది. వీధిలోకొచ్చి చూద్దును కదా, వీధి మొత్తం హ్యాంగయిపోయింది. పిన్ని టీ తిరగబోస్తోంది, పై గిన్నె పైన, కింది గ్లాసు కింద, మధ్యలో టీ తాడులా బిగుసుకుపోయింది, గుడ్డలు ఆరేసుకోవచ్చు దాని మీద. మన కండక్టరు ఈల ఊదాడు, ఆ ఈల చప్పుడు గాల్లో గడ్డకట్టింది, నేను చూసుకోకుండా వెళితే నుదుటికి తగిలి బొప్పి కట్టింది, ఇదిగో ఇక్కడ. తాతగారు భూతద్దం పెట్టుకుని ఒక్క మరని చూస్తూ ఉన్నారు."

"అది రోజూ ఉండేదే" అంది పిన్ని.

"దర్జీగారు ఆవలిస్తూ ఆగిపోయారు. ఒక ఈగ సగం లోపలికి వెళ్ళి, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక అక్కడే ఉంది. ఈ భూమ్మీద కదులుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. చేతిలో మర తిప్పే పుల్ల, ఎదురుగా ఆ పెట్టె, ఆ పెట్టెకి ఒక బొత్తం. అది నొక్కితే పెట్టే స్టార్టవుతుంది, లోకమూ స్టార్టవుతుంది."

"నొక్కెయ్యాల్సింది" అన్నాడు కండక్టరు.

ముప్పావు గ్లాసులో చల్లారిన టీ చూసుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆ గొంతు బల్ల మీంచి కిందికి దిగింది.

"నొక్కబోయి, తల తిప్పా. లోపలి గుమ్మానికి తెర. తెర పక్కనుంచి ఒక చెయ్యి. మణికట్టు దాకానే. చేతిలో టీ గ్లాసు. నడిమివేలికి కుట్టుపనికి పెట్టుకునే ఇత్తడి తొడుగు, తియ్యడం మర్చిపోయినట్టున్నారు. గ్లాసు మీద ఆవిరి కూడా కదలకుండా నిలబడింది. నేను బొత్తం నొక్కలేదు."

"మరి?"

"కూర్చున్నా. ఆ గుమ్మం ముందు ఒక కుర్చీ ఉంటుంది, ఆ కుర్చీలో. ఎంతసేపని అడక్కండి, గడియారం లేదు. గోళ్ళు పెరిగాయి. గడ్డం మోకాళ్ళ దాకా వచ్చింది, దానికి జడ వేసుకున్నా. ఏడాదో రెండేళ్ళో అయ్యుంటుంది. ఆ టీ చల్లారలేదు. పనయిపోయిందిగా ఇంకా కూర్చున్నావేం అని అడిగేవాళ్ళు లేరు. తెరకి అవతల ఒకళ్ళున్నారు, ఇవతల నేనున్నాను. కథలు చెప్పా. బిగుసుకుపోయిన మనుషులకి వినపడదని తెలుసు, అయినా చెప్పా. నాకొచ్చిన కథలన్నీ అయిపోయాయి. అవి అయిపోయాక ఇంక చెప్పడానికేం లేక, నిజాలు చెప్పా."

"నిజాలా?" అన్నాడు కండక్టరు. "నీ దగ్గర కూడా ఉన్నాయా గురూ?"

"పావు వంతు ఉన్నాయిగా."

పిన్ని నవ్వలేదు. చేతిలో గరిటె పట్టుకుని ఆయన వైపే చూస్తోంది. "ఏం చెప్పావు నాయనా?"

"అవి ఆ గదిలోనే ఉన్నాయి పిన్నీ. ఆ పెట్టె అక్కడున్నంతకాలం ఉంటాయి. పెట్టె తీసేస్తే ఎటు పోతాయో తెలీదు."

కిటికీ వెనక ఆమె ఒళ్ళోకి చూసుకుంది. ఐదో కాజా కుట్టేసింది. కుట్టడం కాదు, మూసేసింది. గుండీ దూరాల్సిన చీలికని ఈ కొసనుంచి ఆ కొసదాకా దగ్గరదగ్గర కుట్లతో పూర్తిగా అతికేసింది. ముప్పై ఏళ్ళలో అలాంటి పని ఆమె చెయ్యి ఎప్పుడూ చెయ్యలేదు.

"ఆ తర్వాత ఏమైంది?" అన్నాడు కండక్టరు. "బొత్తం ఎప్పుడు నొక్కావు?"

ముప్పావు నోరు తెరిచాడు. ఈలోగా తాత చెయ్యెత్తాడు.

"ఆ తర్వాతది నేను చెబుతా" అన్నాడు. "ఏడాదట, గడ్డమట, సూర్యుడట. వింటున్నా వింటున్నా, ఎక్కడో ఒకచోట ఆగుతాడేమోనని. మొన్న ఆ ఫ్యాను నా దగ్గరికే తెచ్చావు, ఇరుసు గరగరలాడుతోంది, గడియారం నూనె ఒక చుక్క వెయ్యమని. వేద్దామని భూతద్దం పెట్టుకుని చూశా. ఇరుసు లోపలి గాడిలో, మామూలు కంటికి ఆననంత లోతున, ఇది ఇరుక్కుని ఉంది." చొక్కాజేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, బల్ల మీద పెట్టాడు. "దారం. అంతే. ఫ్యానుకి దారం చుట్టుకుంది, ఫ్యాను ఆగింది, పెట్టె వేడెక్కింది, ఆగిపోయింది. దీనికి వైరస్సుల సంసారాలెందుకురా నాయనా?"

కండక్టరు పగలబడి నవ్వాడు. "సూర్యుణ్ణి ఆపిన దారమా తాతా ఇది?"

దర్జీ కూడా నవ్వుతూనే ఆ దారం అందుకున్నాడు. దారం చేతికొస్తే దర్జీవాడి వేళ్ళు ఊరికే ఉండవు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇది కాజా దారం" అన్నాడు. "మైనం పట్టించింది." కొస కంటి దగ్గరగా పెట్టుకున్నాడు. "ముడి ఉంది."

కిటికీ వెనక ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. ముడి. దారం తెంపితే కొసన ముడి వెయ్యకుండా ఆమె వేళ్ళు వదలవు. వేలికి మూడు చుట్లు చుట్టి, లోపలినుంచి లాగి, పంటితో తెంపడం. అమ్మ నేర్పింది. అన్నకి ఎంత నేర్పినా రాలేదు, అందుకే కాజాలు ఆమె వంతుకొచ్చాయి. ఫ్యానుకి చుట్టే దారానికి ముడెందుకు? ఎందుకూ కాదు. ఎనిమిదిసార్లూ వేళ్ళు వాటంతటవే వేసేశాయి, ఆమె గమనించనైనా లేదు.

అన్న మెల్లగా కిటికీ వైపు తల తిప్పాడు. తెర కదల్లేదు. తెర వెనక ఆమె గోడవైపు జరిగింది. ఇంక నలుగురి నోళ్ళలోనూ పడుతుంది. ఈ వయసులో, ఈ పని. రేపట్నుంచి చొక్కా కోసం వచ్చిన ప్రతి మొహంలోనూ ఈ దారమే కనిపిస్తుంది.

"అది నేను పెట్టాను" అన్నాడు ముప్పావు.

చెయ్యి ఊపలేదు, గొంతు పెంచలేదు. ఆ మాటకి ముందు ఏమైందో తెలుసా అనలేదు, వెనక తోక తగిలించలేదు. ఇన్నేళ్ళలో ఆయన నోటినుంచి ఇంత పొట్టి మాట ఆ బల్ల వినలేదు. అందుకే అందరూ నమ్మేశారు.

"నువ్వా?" అన్నాడు దర్జీ. "ఎందుకు?"

"మళ్ళీ పిలుస్తారని."

"పిలిస్తే నీకేమొచ్చింది? ఒక్కసారీ డబ్బు పుచ్చుకోలేదే."

"టీ కోసం."

"నా టీ ఏం పాపం చేసింది?" అంది పిన్ని, నెమ్మదిగా. ఎవరూ నవ్వలేదు.

"కావాలంటే చూడండి" అంటూ ముప్పావు జేబులోంచి దగ్గుబిళ్ళల రేకుడబ్బా తీశాడు. చిన్న చిన్న మరలు వేసుకునే డబ్బా అది. మూత తీస్తే అందులో ఒక్క మరా లేదు. తెల్లకాగితం పరిచి ఉంది, కాగితం మీద దారాలు. దుమ్ము లేదు, నూనె మరక లేదు. ఒక్కోటీ కడిగి ఆరబెట్టి చుట్టచుట్టి పెట్టినట్టుంది. ఒక్కోదాని కొసనా ముడి. "మిగతా ఏడూ ఇవిగో. నేను పెట్టకపోతే నా దగ్గరికెలా వస్తాయి?"

తెర సందులోంచి ఆమె చూసింది. ఏడు. ఒక్కటీ పారెయ్యలేదు. మొదటిదాని దగ్గర్నుంచీ చూశాడు, మొదటిదాని దగ్గర్నుంచీ తెలుసు. తెలిసే, వైరస్సులనీ వేడి అనీ అన్నకి ఎనిమిది రకాలుగా చెప్పాడు. ఆయన కోతలన్నీ కోతలు కావు. కొన్ని ఆమె మీద కప్పిన దుప్పట్లు.

దర్జీ ఆ డబ్బాలోకి చాలాసేపు చూశాడు. "ఈ ముడి మా అమ్మది" అన్నాడు. "నాకే రాదు. నీకెలా వచ్చింది?"

"చూసి నేర్చుకున్నా."

"అయితే వెయ్యి." కాలరుకి గుచ్చుకున్న సూదిలోంచి దారం లాగి ఆయన చేతికిచ్చాడు.

ముప్పావు దారం వేలికి చుట్టాడు. ఆవగింజంత మరల్ని చీకట్లో తడిమి బిగించే చెయ్యి అది. మొదటి చుట్టు నిలిచింది. రెండోది వేస్తుంటే మొదటిది జారింది. మళ్ళీ చుట్టాడు. మూడు చుట్లూ పడ్డాయి, లాగితే ఏ ముడీ లేకుండా దారం తిన్నగా ఊడొచ్చింది. చెమట పట్టిన వేళ్ళు చొక్కాకి తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. కండక్టరు ముందు నవ్వబోయి, తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు. తాత నుదుటి మీది భూతద్దం తీసి జేబులో పెట్టేసుకున్నాడు, ఇంక చూడాల్సిందేమీ లేనట్టు. దారం నాలుగోసారి జారింది.

ఆమె లేచింది.

వెనక గదినుంచి టీకొట్టు బల్లకి ఎనిమిది అడుగులు. మిషను దాటాలి, కత్తిరింపుల బల్ల దాటాలి, గడప దాటాలి. ఆ దారిన రోజూ నడుస్తుంది. ఆ బల్ల దగ్గర నలుగురు కూర్చున్నప్పుడు మాత్రం ఎన్నడూ నడవలేదు. ఒళ్ళోని తెల్లచొక్కా చేతిలోనే ఉండిపోయింది, పెట్టాలని తోచలేదు.

ఎవరి మొహమూ చూడలేదు. ముప్పావు చేతిలోంచి దారం తీసుకుంది. మూడు చుట్లు చుట్టింది, లోపలినుంచి లాగింది, పంటితో తెంపింది. రెప్పపాటు పని. ముడిని ఆ డబ్బాలో ఏడింటి పక్కన పెట్టింది.

"ఆయన చెప్పింది అబద్ధం" అంది. గొంతు సన్నగా వచ్చింది గాని వచ్చింది. "కథల సంగతి కాదు. ఆ దారాలు పెట్టానన్న మాట."

పొయ్యి మీద పాలు గుసగుసలాడాయి. అన్న చెల్లెల్ని చూశాడు, డబ్బాని చూశాడు, మళ్ళీ చెల్లెల్ని చూశాడు. ఏదో అనాలి. ఏమనాలో తెలీక, రోజూ అడిగేదే అడిగాడు.

"చొక్కా అయిందా?"

"లేదు" అంది ఆమె. "ఐదో కాజా మూసేశాను. విప్పి కుట్టాలి."

అన్న తల ఊపాడు. "పాతసామాన్లవాడు పొద్దున్నే వచ్చేస్తాడు" అన్నాడు, ఎవరితోనో తెలీదు. "ఏం చెప్పాలి వాడికి?"

"వద్దని చెప్పాలి, ఇంకేం చెబుతావు" అంది పిన్ని. గ్లాసు కడిగి, బల్ల మీద ఆమె ముందు పెట్టి, టీ గిన్నె పైకెత్తింది.

ఆమె లోపలికి వెళ్ళిపోవాల్సింది. కాళ్ళు అటే తిరిగాయి. కానీ గొంతు దాకా వచ్చిన మాట ఇంకొకటి ఉంది, ఈ రోజు అది వెనక్కి వెళ్ళి కూర్చోనంటోంది.

"ఆ వీధి" అంది, చేతిలోని చొక్కాతో. "హ్యాంగయిందన్నారే. తర్వాత బొత్తం ఎప్పుడు నొక్కారు?"

కండక్టరు గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. తాత చెయ్యి జేబులోనే ఉండిపోయింది. అన్న ఏదో అనబోయి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. పిన్ని ఎత్తిన గిన్నె ఎత్తినట్టే ఉంది, ఇంకా ఒక్క చుక్కా కిందికి రాలేదు.

ముప్పావు చుట్టూ ఒకసారి చూశాడు, ఒక్కొక్కరినీ. తర్వాత ఆమె నడిమివేలికి ఉన్న ఇత్తడి తొడుగు చూశాడు. ఈ రోజూ తియ్యడం మర్చిపోయింది.

"ఇంకా నొక్కలేదండి" అన్నాడు.